గొంతులో ఎముక ఇరుక్కుందని వెంటనే చెయ్యి పెట్టకండి: అనంతపురం టీకాల క్యాంపులో ఒక వెటర్నరీ డాక్టర్ ప్రసంగం

నమస్కారం అందరికీ. వెనకాల చెట్టు కింద నిలబడినోళ్ళకు కూడా వినపడతా ఉంది గదా? సరే. ఈ రోజు జూలై 6. 1885లో ఇదే రోజున లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లోడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించినాడు, అందుకే ప్రతి ఏడాదీ ఈ తేదీన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తాం. టీకా విలువ తెలుసు కాబట్టే మీరు ఇంత పొద్దున్నే వచ్చినారు, కాబట్టి టీకా ఎందుకు అని నేను మళ్ళీ మొదలుపెట్టను. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది దగ్గు గురించి.

మా ఆసుపత్రిలో చానా మామూలుగా వినే మాట ఒకటుంది. "సార్, మా కుక్క గొంతులో ఏదో ఇరుక్కుంది, పొద్దున్నుంచీ కక్కేకి చూస్తా ఉంది, రావడం లేదు." సోమవారం పొద్దున అయితే "నిన్న మటన్ చేసినాం సార్, ఎముకే అయ్యుంటుంది" అని కూడా చెప్తారు. పరీక్ష చేస్తే ఎక్కువ సార్లు అక్కడ ఎముక ఉండదు. దగ్గు ఉంటుంది, గొంతు వాపు ఉంటుంది, గుండె జబ్బు ఉంటుంది, ఎప్పుడో ఒకసారి రేబిస్ ఉంటుంది. ఆ చివరిది ఇంట్లోవాళ్ళకు తెలియదు పాపం, ప్రేమతోనే నోరు తెరిచి లోపలికి చెయ్యి పెట్టి వెతికేసి ఉంటారు, వేళ్ళకు పండ్లు గీసుకొని ఉంటాయి, దాన్ని ఎవరూ కాటు అనుకోరు. ఈ మాట మీ ఇంట్లో పిల్లల దాకా పోవాలని నా కోరిక.

పిచ్చికుక్క అంటే మనకు తెలిసింది ఒకటే, ఊరంతా పరిగెత్తుతా కనపడినోళ్ళనల్లా కరిచేది. కానీ రేబిస్‌లో ఇంకో రకం ఉంది, మూగ రకం. కుక్క కోపంగా ఉండదు, మూల చూసుకొని పడుకుంటుంది, కింది దవడ వేలాడిపోతుంది, నోరు మూయలేదు, జొల్లు కారతా ఉంటుంది, నీళ్ళ గిన్నె దగ్గరికి పోతుంది గానీ మింగలేదు, మొరుగుడు మారిపోయి గొంతు బొంగురు పోయి ఉంటుంది. మింగే కండరాలకు పక్షవాతం వచ్చింది అక్కడ. చూసేవాళ్ళకు మాత్రం అచ్చం ఎముక ఇరుక్కున్నట్టే ఉంటుంది. అందుకని టీకా వేయించని కుక్క, వీధి కుక్క, ఈ మధ్య యాడైనా కొట్లాడి గాయం చేసుకొని వచ్చిన కుక్క, ఇట్లా దవడ వేలాడేసి జొల్లు కారుస్తా ఉంటే ముట్టుకోకండి, గదిలోనో గేటు లోపలో ఉంచి తలుపు వేసి మాకు ఫోన్ చేయండి.

ఇప్పటికే చెయ్యి పెట్టేసినారు అనుకోండి, గీసుకుంది, లేదా చేతి మీద పాత పుండు ఉండి దాని మీద జొల్లు పడింది, అప్పుడు పసుపు పెట్టడం, సున్నం పెట్టడం, కారం పెట్టడం ఇవేవీ వద్దు. కొళాయి కింద చెయ్యి పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, 15 అంటే గడియారం చూసి 15, చానా మంది రెండు నిమిషాలకే ఆపేస్తారు. కడిగిన వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. ఇప్పుడు బొడ్డు చుట్టూ వేసే ఇంజెక్షన్లు లేవు, ఆ భయం వదిలేయండి. చేతికి చర్మంలో వేస్తారు, మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు. రక్తం వచ్చిన గాయం అయినా, పుండు మీద జొల్లు పడినా ఇమ్యునోగ్లోబ్యులిన్ అని గాయం చుట్టూ వేసే మందు కూడా అడిగి వేయించుకోండి. గర్భిణులకు కూడా వేయొచ్చు, చిన్న పిల్లలకు కూడా వేయొచ్చు. కుక్కను 10 రోజులు కనిపెట్టుకొని చూద్దాం, చచ్చిపోతే అప్పుడు వేయించుకుందాం అని కూర్చోవద్దు, టీకా మొదలుపెట్టి తర్వాత కుక్కను చూసుకుందాం. లక్షణాలు వచ్చినాక మనిషిని బతికించే మందు మన చేతిలో లేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తా ఉండా.

సరే ఇంగ దగ్గుకు వద్దాం. మీరు "కక్కుతా ఉంది" అన్నప్పుడు మేము అడిగేది ఒకటే, కడుపు కదులుతా ఉందా, ఛాతీ కదులుతా ఉందా. వాంతి అయితే ముందు కుక్క కాస్త అల్లాడుతుంది, పెదాలు నాక్కుంటుంది, పొట్ట రెండు మూడు సార్లు గట్టిగా లోపలికి పోతుంది, తర్వాత తిండో పసరో బయటికి వస్తుంది. దగ్గు అయితే ముందు దగ్గుతుంది, ఆ దగ్గు చివర్లో మెడ ముందుకు చాపి "హాక్" అని ఓకరిస్తుంది, తెల్లటి నురగ కొంచెం పడుతుంది, అంతే. ఆ నురగ చూసి వాంతి అనుకొని గ్యాస్ టానిక్ తాపిస్తారు. ఇంకో రకం ఉంది, పగ్గుల్లో, చిన్న జాతుల్లో చానా కనపడుతుంది, ముక్కుతో గాలిని గురక మాదిరి లోపలికి గుంజుకుంటుంది, మోచేతులు వెడల్పు చేసి మెడ చాపి నిలబడుతుంది, మనకు ఊపిరి ఆగిపోతుందేమో అని గుండె అదిరిపోతుంది, కానీ ఒక నిమిషం లోపల అదే తగ్గిపోయి తోక ఊపుకుంటా తిరుగుతుంది. దాన్ని రివర్స్ స్నీజింగ్ అంటారు, ఎప్పుడో ఒకసారి వస్తే భయం లేదు, గొంతు మీద మెల్లగా నిమిరితే చాలు, రోజుకు పదిసార్లు వస్తా ఉంటే, ముక్కులో నుంచి రక్తమో చీమో వస్తే అప్పుడు చూపించండి.

ఇవన్నీ నోటితో చెప్పడం మీకూ కష్టం, మాకు కూడా కష్టం. ఆసుపత్రికి వచ్చేసరికి కుక్క భయంతో దగ్గు మానేసి టేబుల్ మీద బిగుసుకొని కూర్చుంటుంది. అందుకని ఫోన్‌లో వీడియో తీయండి, అర నిమిషం చాలు, ముఖం ఒక్కటే కాదు పొట్ట కూడా కనపడేటట్టు పక్క నుంచి తీయండి, సౌండ్ వినపడాల. ఆ వీడియోతో మాకు సగం జబ్బు తెలిసిపోతుంది.

చలికాలంలో, ముఖ్యంగా సంక్రాంతికి ఊర్లకు పోతా కుక్కను బోర్డింగ్‌లో వదిలి పోయి వచ్చినాక, వారం పది రోజుల్లో మొదలయ్యే దగ్గు చానా వరకు కెన్నెల్ కఫ్. బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్, అడినో వైరస్, ఇవి ఒక్కోటి గానీ కలిసి గానీ శ్వాసనాళాన్ని రేపుతాయి. పొడి దగ్గు, గట్టిగా మోగుతుంది, గొలుసు గుంజినా, గొంతు మీద వేలితో కొంచెం నొక్కినా వెంటనే దగ్గు తెప్పించుకుంటుంది. కుక్క మాత్రం తింటా ఉంటుంది, ఆడుకుంటా ఉంటుంది. ఇట్లాంటిది ఎక్కువగా ఒకటి నుంచి మూడు వారాల్లో తగ్గుతుంది. ఆ రోజుల్లో మెడకు బెల్ట్ తీసేసి బాడీ బెల్ట్ వేయండి, పరిగెత్తించకండి, దోమల చుట్ట, సాంబ్రాణి పొగ, బీడీ పొగ దానికి తగలనీయకండి, బాత్రూమ్‌లో వేడినీళ్ళు వదిలి ఆ ఆవిరిలో ఒక పది నిమిషాలు మీరు దాంతో పాటే కూర్చోండి, గొంతు తడి అవుతుంది. పక్క కుక్కలకు అంటుకుంటుంది కాబట్టి రెండు వారాలైనా వాటి నుంచి విడిగా పెట్టాల, గిన్నె కూడా వేరే ఉండాల. యాంటీబయాటిక్ కావాలా వద్దా అనేది చూసి చెప్తాం, మెడికల్ షాపులో అడిగి మీరే మొదలుపెట్టకండి.

అదే దగ్గుతో పాటు జ్వరం ఉంది, తిండి మానేసింది, ముక్కు నుంచి పచ్చటి చీమిడి, కళ్ళకు పుసులు, అందులోనూ టీకాలు పడని కుక్కపిల్ల అయితే నాకు భయం వేస్తుంది. అది డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కావచ్చు. మొదట దగ్గు, విరేచనాలు మాదిరి వచ్చి పోయినట్టు కనపడుతుంది, కొన్ని వారాలకు దవడ టకటకా కొట్టుకోవడం, కాలు అదరడం, ఫిట్స్ వస్తాయి, అంత దూరం పోయినాక మా చేతిలో మిగిలేది చానా తక్కువ. రోడ్డు పక్కన బుట్టలో పెట్టి అమ్మే పిల్లల్ని ముచ్చటపడి కొనుక్కొని వచ్చినోళ్ళు, అది దగ్గితే "చలికి లే" అనుకోకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున నాలుగు నెలల వయసు దాకా, రేబిస్‌ది మూడో నెలలో, ఆ తర్వాత ఏడాదికోసారి. ఈ రోజు ఇక్కడ వేసేది రేబిస్ టీకా ఒక్కటే, డిస్టెంపర్‌కి, రక్త విరేచనాలు తెచ్చే పార్వో వైరస్‌కి అది పని చేయదు, అన్ని టీకాలూ ఒకటే అనుకొని కుక్కపిల్లల్ని పోగొట్టుకున్నోళ్ళను చూసి చూసి చెప్తా ఉండా.

నిజంగానే ఇరుక్కునే సందర్భాలు కూడా ఉంటాయి, లేవని నేను అనడం లేదు. ఉడికిన కోడి ఎముక చీలి సూది మాదిరి అవుతుంది, మటన్ నల్లి ఎముక గుండ్రంగా కింది దవడకు తగులుకుంటుంది, పుల్ల ముక్క పై అంగిట్లో రెండు దవడ పండ్ల మధ్య అడ్డంగా బిగుసుకుంటుంది, ఎండాకాలం అయితే మామిడి టెంక. గొర్రెల మందల వెంట తిరిగే కుక్కలకు గడ్డి ముల్లు గొంతులో గుచ్చుకుంటుంది. ఇట్లా అయిన కుక్క ఒక్కసారిగా మొదలుపెడుతుంది, నిమిషం ముందు దాకా బాగానే ఉండి టక్కున ముందు కాళ్ళతో నోరు గోక్కుంటా తల నేలకు రుద్దుకుంటా అల్లాడుతుంది. ఇక్కడ ముఖ్యం ఏందంటే అది గాలి గొట్టంలో ఉందా తిండి గొట్టంలో ఉందా అనేది. గాలి గొట్టంలో అయితే ఊపిరి ఆడదు, నాలుక నీలం అవుతుంది, నిమిషాల లెక్క. తిండి గొట్టంలో అయితే ఊపిరి బాగానే ఉంటుంది, జొల్లు కారుస్తా మాటిమాటికీ మింగుతా ఉంటుంది, తాగిన నీళ్ళు తాగినట్టే తిరిగి వచ్చేస్తాయి. ఇది నిమిషాల్లో చంపదు గానీ రేపు చూద్దాంలే అంటే గొట్టం చిల్లు పడుతుంది, కాబట్టి ఆ రోజే రావాల.

ఊపిరి ఆడని కుక్కకు, మీ సొంత కుక్క, టీకాలు పడిన కుక్క, కళ్ళ ముందే తింటా ఉండగా ఇరుక్కుంది అని మీకు ఖాయంగా తెలిసినప్పుడు, ఇట్లా చేయండి. నోరు తెరిచి చూడండి, వస్తువు కంటికి కనపడి వేళ్ళకు అందేటట్టు ఉంటేనే తీయండి, కనపడకుండా వేలు పెట్టి తడిమితే ఇంకా లోపలికి పోతుంది. చిన్న కుక్క అయితే దాని వీపు మీ పొట్టకు ఆనించి పట్టుకొని, పక్కటెముకలు ఆగిపోయే చోట కింద పిడికిలి పెట్టి లోపలికి పైకి గట్టిగా నాలుగైదు సార్లు నొక్కండి. పెద్ద కుక్క అయితే వెనక నుంచి చేతులు చుట్టి అదే చోట నొక్కండి, పడిపోయి ఉంటే పక్కకు పడుకోబెట్టి పక్కటెముకల వెనక నుంచి ముందుకు తోయండి. వస్తువు బయటికి వచ్చినా సరే తర్వాత ఒకసారి చూపించాల్సిందే, లోపల గీసుకొని ఉంటుంది. దారం నోట్లో నుంచి వేలాడుతా కనపడితే మాత్రం గుంజకండి, దాని చివర సూది ఉండొచ్చు.

మన ఇండ్లలో ఒక అలవాటు ఉంది, దీన్ని నేను చేతులు జోడించి ఆపమని అడుగుతా ఉండా. ఏదో ఇరుక్కుంది అనగానే నోరు పైకెత్తి నూనె పోయడం, నెయ్యి పోయడం, ఉప్పు నీళ్ళు పోయడం, సంగటి ముద్ద బలవంతంగా తోయడం. మింగలేని కుక్కకు పోసిన నూనె తిండి గొట్టంలోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె అక్కడికి పోతే దగ్గు కూడా సరిగా రాదు, మెల్లగా న్యుమోనియా అవుతుంది. ఎముక వల్ల బతికేదే నూనె వల్ల చచ్చిపోయిన కుక్కలు ఉండాయి. అట్లే మీ ఇంట్లో దగ్గు టానిక్కులు, జలుబు మాత్రలు. పారాసిటమాల్ కుక్క కాలేయాన్ని దెబ్బ తీస్తుంది, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను పాడు చేస్తాయి, షుగర్ లేని సిరప్‌లలో కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్క రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడేస్తుంది. మనుషుల మందు చిన్న డోసులో వేస్తే ఏమి అని మాత్రం అనుకోకండి.

పెద్ద జాతి కుక్కలు ఉండేవాళ్ళు, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్, డాబర్‌మన్, ఇది మీకు. రాత్రి కడుపు నిండా తిని పరిగెత్తింది, కాసేపటికి కక్కేకి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, జొల్లు తప్ప ఏమీ రాదు, పొట్ట ఉబ్బుతా ఉంటుంది, తట్టితే బోలుగా మోగుతుంది, కూర్చోలేదు పడుకోలేదు. కడుపు మెలి తిరిగి ఉంటుంది. తెల్లారేదాకా ఆగితే కుక్క ఉండదు. రాత్రి ఒంటి గంటకైనా సరే ఫోన్ చేయండి, నిద్ర లేపినామే అని మొహమాటపడొద్దు, ఇది ఆపరేషన్ కేసు, గంటల్లో చేయాల.

ఎంత తొందరగా పోవాలో తేల్చుకునేకి చిగుళ్ళు చూడండి. ఈ అలవాటు ఈ రోజు ఇంటికి పోయి చేసుకోండి, బాగున్నప్పుడే చూసి పెట్టుకుంటే జబ్బు చేసినప్పుడు తేడా తెలుస్తుంది. పై పెదవి ఎత్తితే చిగురు గులాబీ రంగులో ఉండాల, వేలితో నొక్కి వదిలితే తెల్లగా అయి రెండు సెకన్లలో మళ్ళీ రంగు రావాల. చానా నాటు కుక్కలకు చిగుళ్ళు నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లాగి లోపల చూడండి. నీలంగా ఉన్నా, పాలిపోయి ఉన్నా ఇంక ఏమీ ఆలోచించొద్దు, బండి తీయండి. పాలిపోయి దగ్గుతా ఉంటే ఇంట్లో, పొలంలో ఎలుకల మందు ఏమైనా పెట్టినారా గుర్తు తెచ్చుకోండి, కొన్ని ఎలుకల మందులు తిన్న రెండు మూడు రోజులకు గానీ పని చూపించవు, ఊపిరితిత్తుల్లో రక్తం కారి దగ్గు వస్తుంది, ఆ మందు డబ్బా కూడా తీసుకొని రండి, దానికి విరుగుడు ఉంది.

సరే, అడగండి ఎవరైనా.

(తాడిపత్రి నుంచి వచ్చిన ఒకాయన: మా ఇల్లు బండల పాలిష్ ఫ్యాక్టరీ పక్కన సార్, కుక్క నాలుగు నెలలుగా దగ్గుతా ఉంది, బాగా తింటుంది, దుమ్ముకే అనుకోవచ్చా?)

అనుకోవద్దన్నా. దుమ్ముకు దగ్గు రావచ్చు, శెనక్కాయలు కొట్టే రోజుల్లో కూడా చానా కుక్కలు దగ్గుతాయి, అది కల్లం అయిపోయినాక తగ్గుతుంది. నాలుగు నెలలు అంటే అది పాత దగ్గు, రెండు నెలలు దాటిన ఏ దగ్గుకైనా ఛాతీ ఎక్స్‌రే తీయాల్సిందే. దాన్ని పాలిష్ మిషన్లు నడిచే టైంలో ఇంటి వెనకాల కట్టేయండి, సోమవారం తీసుకొని రండి.

(ఒక పెద్దాయన: మందలో కుక్క నాయనా, తిన్నది తిన్నట్టే బయట పడేస్తుంది, దగ్గు లేదు, బక్కగైపోయింది, జొల్లు మాత్రం కారుతుంది.)

పెద్దాయన, టీకా పడిందా దానికి? పోయిన ఏడాది పడింది, దవడ బాగానే మూస్తుంది అంటా ఉండావు, ఎన్ని దినాలుగా? నెల పైనే. అయితే రేబిస్ కాదు, అది వస్తే కుక్క ఎక్కువగా పది దినాల్లోనే చచ్చిపోతుంది. నాకు ఇంకో అనుమానం ఉంది. పేడపురుగుల్ని తినే కుక్కలకు ఒక రకం పురుగు పడుతుంది, స్పైరోసెర్కా అంటారు, తిండి గొట్టం గోడలో గడ్డలు కడుతుంది, ఆ గడ్డ అడ్డం పడి ముద్ద కిందికి పోదు. ఆ పేడపురుగును తిన్న బల్లిని, కోడిని కుక్క తిన్నా వస్తుంది. ముందుగా పట్టుకుంటే మందు పని చేస్తుంది, వదిలేస్తే కొన్నిట్లో ఆ గడ్డ క్యాన్సర్ అవుతుంది. ఎండోస్కోపీ చేసి చూడాల, అది నా దగ్గర లేదు, తిరుపతి వెటర్నరీ కాలేజీకి చీటీ రాసిస్తా, అంత దూరం కష్టం అంటే ముందు ఇక్కడ ఎక్స్‌రే తీసి చూద్దాం. అంతదాకా మెత్తగా గంజి మాదిరి చేసి, గిన్నెను దాని ఛాతీ ఎత్తులో పెట్టి తినిపించు. ఇక్కడికి తెచ్చే బండి లేకపోతే పశువుల అంబులెన్స్ నంబర్ 1962కి ఫోన్ చెయ్యి.

(ఒక అమ్మాయి: మా పామేరియన్‌కి పదకొండేళ్ళు సార్. పగలు ఎవరైనా వస్తే ఎగిరి దగ్గుతుంది, బాతు అరిచినట్టు ఉంటుంది. ఈ మధ్య రాత్రి పడుకున్నాక కూడా దగ్గి లేచి కూర్చుంటా ఉంది.)

మంచి ప్రశ్నమ్మా, ఇందులో రెండు జబ్బులు ఉండొచ్చు. పామేరియన్ల గాలి గొట్టం రింగులు వయసుతో మెత్తబడి అణిగిపోతాయి, ఉత్సాహం వచ్చినప్పుడు, ఎండకు, మెడ బెల్ట్ గుంజినప్పుడు ఆ బాతు శబ్దం వస్తుంది. లావుగా ఉందా? ఉంది అంటా ఉండావు, అయితే బరువు తగ్గించడమే దానికి పెద్ద మందు, బిస్కెట్లు ఆపేయండి, మెడ బెల్ట్ ఈ రోజే తీసేయండి. మన ఎండల్లో మధ్యాహ్నం బయటికి తీసుకొని పోవద్దు. కానీ రాత్రి పడుకున్నాక వచ్చే దగ్గు నాకు వేరేగా అనిపిస్తా ఉంది. చిన్న జాతుల్లో ముసలితనంలో గుండె వాల్వు సరిగా మూసుకోదు, గుండె పెద్దదై గాలి గొట్టాన్ని నొక్కుతుంది, ఇంకా ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మెట్లు ఎక్కేకి ఆగుతుందా, ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిందా, అవి గమనించు. ఇది పూర్తిగా నయం కాదు, నిజం చెప్పాల కదా, కానీ మందులు మంచివి ఉండాయి, రోజూ వేస్తే ఏడాది, రెండేళ్ళు కూడా హాయిగా గడిపే కుక్కలు ఉండాయి.

నువ్వు చేయాల్సింది ఒకటి చెప్తా. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు, కలలో కాళ్ళు కదిలించేటప్పుడు కాదు, ఛాతీ పైకి లేచి కిందికి దిగితే ఒకటి, అట్లా అర నిమిషం లెక్కపెట్టి రెండుతో గుణించు. నిమిషానికి 30 లోపల ఉండాల. ఈ రాత్రి నుంచే చూసి తేదీ వేసి కాగితం మీద రాయి. 30 దాటి రోజు రోజుకూ పెరుగుతా ఉంటే దగ్గు ఎక్కువ లేకపోయినా ఆగొద్దు, అదే రోజు రా. 40 దాటి మెడ చాపి కూర్చొని పడుకోలేకపోతా ఉంటే అర్ధరాత్రి అయినా ఫోన్ చెయ్యి, దాన్ని ఎత్తుకొని బిగించి పట్టుకోకుండా, ఏసీ ఉన్న బండి దొరికితే అందులో, లేకపోతే కిటికీలు తెరిచి తీసుకొని రా. అదేమీ లేకుండా 22, 24 ఉంటా ఉంటే సోమవారం పొద్దున ఆ కాగితం, రాత్రి దగ్గు వీడియో రెండూ తెచ్చుకో, ఎక్స్‌రే తీసి, గుండె శబ్దం విని, మందు ఏది ఎంత అనేది అప్పుడే రాసిస్తా.